పుట్, బట్ గొడవ: ఇంగ్లీషు స్పెల్లింగ్ ఇలా ఎందుకు తయారైంది?

అడిగిన ప్రశ్న ఇది: "మా అబ్బాయి ఆరో తరగతి. పి యు టి పుట్ అయినప్పుడు బి యు టి బట్ ఎందుకు, నైఫ్ ముందు కె ఎందుకు అని ఒకటే ప్రశ్నలు. స్కూల్లో టీచరుగారు 'అదంతే, బట్టీ పట్టు' అన్నారట. నిజంగా కారణం లేదా? ఇంగ్లీషువాళ్ళు మనలాగా పలికినట్టే రాసుకోవచ్చు కదా?"

కారణం ఉందండీ. దాదాపు ప్రతి వింత స్పెల్లింగుకీ ఉంది. డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు భాషాచరిత్ర చాలా ఏళ్ళు చెప్పినవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి. ఇంగ్లీషువాళ్ళు కూడా ఒకప్పుడు ఇంచుమించు పలికినట్టే రాసుకునేవాళ్ళు. తరవాత పలుకు ముందుకు పోయింది, రాత ఎక్కడిదక్కడ ఉండిపోయింది. మీవాడి ప్రశ్నలు రెండూ ఆ ఎడంలోంచి పుట్టినవే.

410 ప్రాంతంలో రోమన్ పాలన బ్రిటన్‌లో ముగిసింది. ఆ తరవాత ఇప్పటి డెన్మార్క్, ఉత్తర జర్మనీ తీరాల నుంచి ఆంగ్లులు, శాక్సన్లు, జూట్లు వచ్చి అక్కడ స్థిరపడ్డారు. వాళ్ళ మాటే ఇంగ్లీషుకు మూలం. రూన్లు అనే కోణాల అక్షరాలు వాళ్ళకు ఉండేవి గానీ, రాళ్ళ మీద, ఎముకల మీద, ఆయుధాల మీద చెక్కుకునే నాలుగు ముక్కలకే అవి పనికొచ్చేవి. పుస్తకం రాసే అలవాటు క్రైస్తవంతో వచ్చింది. 597లో పోప్ గ్రెగరీ పంపగా అగస్టీన్ కెంట్ రాజ్యంలో దిగాడు, ఆయనతో పాటు లాటిన్ లిపి దిగింది. మొదటి చిక్కు అక్కడే మొదలైంది. లాటిన్ శబ్దాల కోసం పుట్టిన అక్షరాలు ఇంగ్లీషు శబ్దాలకు చాల్లేదు. 'థింక్' మొదట్లో నాలుకను పళ్ళకు ఆనించి పలికే శబ్దానికి అక్షరమే లేదు. మఠాల్లోని సన్యాసులు తెలివిగా 'థార్న్' అనే రూన్‌ను అరువు తెచ్చుకున్నారు, డి అక్షరానికి అడ్డగీత గీసి 'ఎథ్' అని ఇంకొకటి చేసుకున్నారు, డబ్ల్యు శబ్దానికి 'విన్' అనే రూన్ పెట్టుకున్నారు. పదో శతాబ్దం చివరికి వించెస్టర్ చుట్టూ ఒక స్థిరమైన రాత పద్ధతి కూడా తయారైంది.

ఆ రాతలో మౌనంగా ఉండే అక్షరాలు దాదాపు లేవు. ఇప్పుడు 'నైట్' అంటున్న యోధుడు అప్పుడు 'క్నిఖ్త్'. ముందున్న 'క' వినిపించేది, మధ్యలో గొంతులోంచి వచ్చే 'ఖ' లాంటి గరగరా వినిపించేది. మీవాడి నైఫ్ స్కాండినేవియా నుంచి ఓడల్లో దండెత్తి వచ్చిన వైకింగులు తెచ్చిన మాట. 793లో లిండిస్‌ఫార్న్ మఠాన్ని దోచుకోవడంతో మొదలుపెట్టి, తరవాత ఉత్తర, తూర్పు ఇంగ్లండులో భూములు సంపాదించి కాపురాలే పెట్టేశారు వాళ్ళు. స్కై, ఎగ్, హస్బెండ్, లా అనే మాటలు వాళ్ళవి. చివరికి 'దే', 'దెమ్' లాంటి సర్వనామాలు కూడా వాళ్ళ దగ్గరివే. నైఫ్‌ను వాళ్ళూ 'క్నీవ్' లాగే కకారంతో పలికేవాళ్ళు. ఆ కె ఊరికే పెట్టింది కాదు.

1066లో నార్మండీ డ్యూక్ విలియం హేస్టింగ్స్ దగ్గర గెలిచి రాజయ్యాడు. దర్బారు ఫ్రెంచిలో, చర్చి లాటిన్‌లో, పొలాలూ వంటిళ్ళూ ఇంగ్లీషులో. మాట చావలేదు గానీ, దాన్ని ఒక పద్ధతిగా రాసే ఆఫీసులూ బడులూ పోయాయి. ఎవరి యాసలో వాళ్ళు, తోచినట్టు రాసుకున్నారు. ఆ అయోమయంలో ఓర్మ్ అనే ఒక మతాచార్యుడు కనిపిస్తాడు. నా దృష్టిలో ఈ కథ మొత్తంలో అందరికన్నా ఆసక్తికరమైన మనిషి ఆయనే. పన్నెండో శతాబ్దంలో లింకన్‌షైర్ ప్రాంతంలో ఉండేవాడు. బైబిల్ పాఠాల మీద పద్యాల్లో ప్రసంగాలు రాశాడు, మిగిలిందే సుమారు 19,000 పంక్తులు. తను రాసింది జనం ముందు ఎవరైనా పైకి చదివితే తప్పు పలకకూడదని ఆయన పట్టుదల. అందుకని సొంతంగా ఒక పద్ధతి కనిపెట్టాడు: అచ్చు పొట్టిదైతే దాని తరవాత హల్లును రెండుసార్లు రాయాలి. పుస్తకం ముందుమాటలో నకలు రాసేవాళ్ళను ఉద్దేశించి, నేను ఎక్కడ అక్షరం రెండుసార్లు రాశానో నువ్వూ అక్కడ రెండుసార్లు రాయి అని హెచ్చరించాడు కూడా. పాపం, నకలు రాసినవాళ్ళే దొరికినట్టు లేరు. ఆయన చేత్తో రాసుకున్న ఒక్క ప్రతే మిగిలింది, ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో ఉంది. ఆ పద్యాలు చదవడం పరమ విసుగు, అది వేరే విషయం. కానీ ఆ కాలపు ఉచ్చారణ ఎలా ఉండేదో పరిశోధకులకు అంత సూటిగా చెప్పే ఆధారం మరొకటి లేదు. విచిత్రం ఏమిటంటే, ఓర్మ్‌ను ఎవరూ అనుసరించకపోయినా అదే సూత్రం తరవాత వేరే దారిలో ఇంగ్లీషులోకి వచ్చింది. 'డిన్నర్'లో రెండు ఎన్‌లు, 'డైనర్'లో ఒకటి; 'హాపింగ్'లో రెండు పిలు, 'హోపింగ్'లో ఒకటి. అచ్చు పొట్టిదా పొడుగుదా అన్నది హల్లును చూసి తెలుసుకోవాలి.

ఫ్రెంచి అలవాటున్న రాయసకాళ్ళు మాత్రం తమకు తెలిసిన పద్ధతులే ఇంగ్లీషు మీద రుద్దారు. 'క్వేన్' అనే రాణి మాటను సి డబ్ల్యుతో రాసేవాళ్ళు, అది క్యు యు అయింది. 'హూస్' అనే ఇంటిని యుతో రాసేవాళ్ళు, ఓ యు అయింది. 'చ' శబ్దానికి సి పక్కన హెచ్ వచ్చి కూర్చుంది. థార్న్ మెల్లగా పోయి దాని చోట టి హెచ్ వచ్చింది. ఇంకో తమాషా కూడా చెప్పాలి. అప్పటి ముద్దరాతలో ఐ, యు, ఎన్, ఎమ్, డబ్ల్యు అన్నీ ఒకే రకం నిలువు గీతలతో వేసేవాళ్ళు. యు పక్కన ఎన్ వస్తే నాలుగు గీతలు వరసగా కనిపిస్తాయి, ఎక్కడ ఏ అక్షరం మొదలైందో తెలియదు. అందుకని అలాంటి చోట్ల యు బదులు ఓ రాయడం మొదలుపెట్టారని ఎక్కువమంది పండితులు చెబుతారు. కొడుకు అనే 'సన్', 'లవ్', 'కమ్', 'మంక్', 'వండర్' మాటల్లో ఓ ఉండి కూడా 'అ' పలకడానికి మూలం ఇదే. పలుకు మారి కాదు, చేతిరాత అర్థంకాక వచ్చిన ఓ అది.

1204లో ఇంగ్లండు రాజు నార్మండీని పోగొట్టుకున్నాడు. ఇంగ్లండులోని ప్రభువులకు ఫ్రాన్సుతో బంధం మెల్లగా సడలింది. 1348లో మొదలైన ప్లేగు జనాభాలో పెద్ద భాగాన్ని మింగేసింది, బతికిన కూలీలకూ చేతిపనివాళ్ళకూ, వాళ్ళతో పాటు వాళ్ళ భాషకూ విలువ పెరిగింది. 1362లో కోర్టుల్లో వాదనలు ఇంగ్లీషులో జరగాలని చట్టం చేశారు. ఆ చట్టాన్ని మాత్రం ఫ్రెంచిలోనే రాశారు, నవ్వుకోండి. 1417 నుంచి ఐదో హెన్రీ తన ఉత్తరాలను ఇంగ్లీషులో రాయించడం మొదలుపెట్టాడు. వెస్ట్‌మినిస్టర్‌లోని రాజు కచేరీ గుమస్తాలు రాసే తీరుకు ఒక మర్యాద వచ్చింది, దేశమంతా దాన్ని చూసి దిద్దుకోవడం మొదలుపెట్టారు.

ఆ తీరు కుదురుకుంటున్న రోజుల్లోనే, 1476లో, విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. ఆయన సుమారు ముప్ఫై ఏళ్ళు బెల్జియం, హాలండు వైపు వ్యాపారం చేసి వచ్చినవాడు, ఆయన దగ్గర పనివాళ్ళలో కొందరు అటువైపు నుంచే వచ్చారు. 'ఘోస్ట్'లో హెచ్ ఫ్లెమిష్ అలవాటు కొద్దీ చేరిందే. ఏ యాసలో అచ్చు వేయాలన్నది ఆయనకు నిజంగానే తలనొప్పి. 1490లో వేసిన ఒక పుస్తకం ముందుమాటలో ఒక కథ చెప్పాడు. థేమ్స్ మీదుగా ఓడలో బయల్దేరిన వర్తకులు గాలి లేక కెంట్ తీరంలో ఆగారు. ఒకడు ఒడ్డుకు పోయి ఒక ఆవిడను 'ఎగ్స్' కావాలని అడిగాడు. "నాకు ఫ్రెంచి రాదు నాయనా" అందట ఆవిడ. అతనికి కోపం వచ్చింది, ఫ్రెంచి అతనికీ రాదు మరి! పక్కవాడు 'ఐరెన్' కావాలంటే అప్పుడు అర్థమైంది. ఎగ్ వైకింగుల మాట, ఐరెన్ పాత ఇంగ్లీషు మాట. రెండూ గుడ్లే. ఈ రోజుల్లో మనిషి ఏది రాయాలి, ఎగ్సా ఐరెనా అని కాక్స్‌టన్ వాపోయాడు. చివరికి ఆయనా, ఆయన తరవాతి ముద్రాపకులూ లండన్ తీరునే స్థిరం చేశారు. అచ్చు అంటే ఒకే రూపం వందల ప్రతుల్లో తిరుగుతుంది. 1650 నాటికి స్పెల్లింగ్ ఇంచుమించు ఇప్పటి రూపానికి వచ్చేసింది.

అసలు దెబ్బ ఇక్కడ పడింది. రాత గడ్డకడుతున్న ఆ రోజుల్లోనే నోట్లో అచ్చులన్నీ కదులుతున్నాయి. సుమారు 1400 నుంచి 1700 దాకా ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ ఒకదాని స్థానంలోకి ఒకటి జరిగాయి. డెన్మార్క్ పండితుడు ఓటో యెస్పెర్సెన్ దీనికి 'గ్రేట్ వవెల్ షిఫ్ట్' అని పేరు పెట్టాడు. మన లిపిలో రాస్తే ఇది ఇంగ్లీషు పుస్తకాల్లో కన్నా బాగా అర్థమవుతుంది. 'నామ' అనేది మెల్లగా 'నేమ్' అయింది. 'టీమ' అనేది 'టైమ్' అయింది. కలుసుకోవడం అనే 'మేట్' కాస్తా 'మీట్' అయింది. చంద్రుడు 'మోన్' నుంచి 'మూన్'కు, ఇల్లు 'హూస్' నుంచి 'హౌస్'కు వెళ్ళాయి. రాత మాత్రం పాతదే. నేమ్‌లో ఎ అక్షరం 'ఆ' కోసం పెట్టింది, టైమ్‌లో ఐ అక్షరం 'ఈ' కోసం పెట్టింది. ఎందుకు ఇలా జరిగిందో పండితులకు ఏకాభిప్రాయం లేదు. ప్లేగు తరవాత రకరకాల యాసల జనం లండన్‌కు వచ్చి కలవడం ఒక కారణమని నేను నమ్ముతాను.

అన్ని మాటలూ ఒకే వేగంతో కదల్లేదు. ఇ ఎ అని రాసే మాటలు చాలాకాలం 'ఏ' దగ్గరే ఆగాయి. 18వ శతాబ్దం మొదట్లో అలెగ్జాండర్ పోప్ అనే కవి 'టీ'ని 'ఒబే'తో ప్రాస కలిపాడు, అంటే ఆయన నోట అది 'టే'. తరవాత టీ, సముద్రం అనే సీ, మాంసం అనే మీట్ అన్నీ 'ఈ'కి చేరాయి. గ్రేట్, బ్రేక్, స్టేక్ మాత్రం పాతచోటే ఉండిపోయాయి.

దీంతో మన పేర్లకు నేరుగా సంబంధం ఉంది. సీత పేరును కొందరు ఐతో రాస్తారు, కొందరు రెండు ఇలతో రాస్తారు. ఐకి 'ఈ' విలువ ఇచ్చే పద్ధతి లాటిన్‌ది, ఇటాలియన్‌ది, అచ్చులు మారకముందు ఇంగ్లీషుదీ. 18వ శతాబ్దం చివర కలకత్తాలో జడ్జిగా ఉన్న విలియం జోన్స్ మన భాషల మాటలను రోమన్ లిపిలో రాయడానికి ఆ పాత విలువలనే ఎంచుకున్నాడు. రెండు ఇలతో 'ఈ' పలికించేది మారిన తరవాతి ఇంగ్లీషు పద్ధతి. ఒకే ఇంట్లో అన్నకు ఒక పద్ధతిలో, తమ్ముడికి ఇంకో పద్ధతిలో సర్టిఫికెట్లు వచ్చి ఆధార్ దగ్గర టెన్షన్ పడేవాళ్ళు ఈ మూడు వందల ఏళ్ళ కదలికకు బాధితులే.

ఇక నైఫ్ కె. 17వ శతాబ్దంలో ఎన్ ముందు కకారం లండన్ మాటలో జారిపోయింది. 1700 ప్రాంతానికి పోయినట్టే లెక్క, కానీ అచ్చులో కె అప్పటికే పాతుకుపోయింది. రాత్రి అనే నైట్‌లో జి హెచ్ కూడా అంతే. ఆ గరగర శబ్దం జర్మన్ 'నాఖ్ట్'లో ఇప్పటికీ వినిపిస్తుంది. ఇంగ్లీషులో కొన్నిచోట్ల పూర్తిగా పోయింది, కొన్నిచోట్ల, లాఫ్, కాఫ్, ఇనఫ్ లాంటి మాటల్లో, 'ఫ' అయింది.

పుట్, బట్‌కి వద్దాం. ఒకప్పుడు ఈ రెండూ 'పుట్', 'బుట్'. కప్ అప్పుడు 'కుప్', సన్ 'సున్'. 17వ శతాబ్దంలో దక్షిణ ఇంగ్లండులో ఈ పొట్టి 'ఉ' పెదాలు గుండ్రంగా చుట్టడం మానేసి 'అ' వైపు జారింది. అయితే ముందు ప, బ, ఫ లాంటి పెదవుల శబ్దం ఉంటే కొన్ని మాటల్లో పెదాల గుండ్రదనం నిలబడిపోయింది. ముఖ్యంగా తరవాత 'ల' గానీ 'ష' గానీ వచ్చినప్పుడు: పుల్, ఫుల్, బుల్, పుష్, బుష్. పుట్, పుడ్డింగ్, బుచ్చర్ కూడా వాటితో నిలబడ్డాయి. బట్, ఫన్ నిలబడలేదు. అంటే ఇది సూత్రం కాదు, ఒక మొగ్గు మాత్రమే. మీవాడికి నచ్చే విషయం ఇంకొకటి: ఉత్తర ఇంగ్లండులో ఈ మార్పు రానేలేదు. లీడ్స్ వైపు పాత యాసలో ఇప్పటికీ 'బుట్', 'కుప్', 'లువ్' అంటారు. మీవాడు అక్కడ పుట్టి ఉంటే ఈ ప్రశ్నే రాదు.

కొన్ని స్పెల్లింగులకు మాత్రం పండితుల గొప్పే కారణం. అప్పు అనే 'డెట్' ఫ్రెంచి నుంచి బి లేకుండానే వచ్చింది, వందల ఏళ్ళు బి లేకుండానే రాశారు. 16వ శతాబ్దంలో లాటిన్ మోజు పెరిగాక, దీని మూలం 'డెబిటుమ్' కదా అని బి చేర్చారు. 'డౌట్'కి, 'రిసీట్'లో పికి ఇదే కథ. ఐలండ్‌లో ఎస్ మరీ అన్యాయం. ఆ మాట అచ్చమైన పాత ఇంగ్లీషుది, ఎస్ ఎన్నడూ లేదు. లాటిన్ నుంచి వచ్చిన 'ఐల్'కి చుట్టమనుకుని పొరపాటున పెట్టారు.

మరి బాగుచేసుకోవచ్చు కదా అంటారు. చూశారు, చాలాసార్లు. 1569లో జాన్ హార్ట్ అనే ఆయన పలికినట్టే రాయాలని పుస్తకమే వేశాడు. 1582లో రిచర్డ్ మల్కాస్టర్ అనే బడి పంతులు, వాడుకలో స్థిరపడ్డదాన్ని కదపొద్దన్నాడు. ఆయన మాటే నెగ్గింది. 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు వచ్చాక ఇంటింటికీ ప్రమాణం దొరికింది. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ కలర్‌లో యు తీసేశాడు, సెంటర్ చివరి ఆర్ ఇని ఇ ఆర్‌గా తిరగేశాడు, అవి నిలిచాయి. నాలుక అనే 'టంగ్'ని టి యు ఎన్ జి అని రాయమంటే మాత్రం జనం వినలేదు. నిజానికి పాత ఇంగ్లీషు రాతకు అదే దగ్గర. 1906లో కార్నెగీ డబ్బుతో ఒక స్పెల్లింగ్ బోర్డు పుట్టింది. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 300 మాటలకు సులువు స్పెల్లింగులు వాడమని ప్రభుత్వ ముద్రణాలయానికి ఆజ్ఞ ఇచ్చాడు. పత్రికలు ఆటపట్టించాయి, కాంగ్రెస్ అడ్డుపడింది, ఆ ఏడాది ముగిసేలోగా ఆయనే వెనక్కి తీసుకున్నాడు.

విఫలం కావడం మంచిదే అయిందని నేనంటాను. పలికినట్టు రాయాలంటే ఎవరు పలికినట్టు? లండన్‌వాడికి 'కార్' చివర ఆర్ వినిపించదు, స్కాట్లండ్‌వాడికీ అమెరికావాడికీ వినిపిస్తుంది, మనకైతే గట్టిగా వినిపిస్తుంది. తలా ఒక రాత పెట్టుకుంటే గుంటూరు పిల్లాడు గ్లాస్గో పుస్తకం చదవలేడు. పైగా ఈ రాత మాటల చుట్టరికాన్ని దాచకుండా చూపిస్తుంది. సైన్‌లో మౌనంగా ఉన్న జి సిగ్నేచర్‌లో పలుకుతుంది. బాంబ్ చివర బి బంబార్డ్‌లో నోరు విప్పుతుంది. మెడికల్‌లో 'క', మెడిసిన్‌లో 'స', రాతలో రెంటికీ ఒకే సి. 'ఘోటి' అని రాసి 'ఫిష్' అని చదవొచ్చంటూ ఒక పాత జోకు తిరుగుతుంటుంది: ఇనఫ్‌లో జి హెచ్, విమెన్‌లో ఓ, నేషన్‌లో టి ఐ. బెర్నార్డ్ షా అన్నాడంటారు గానీ ఆయన పుట్టకముందు, 1855 నాటి ఒక ఉత్తరంలోనే అది ఉంది. జోకు బాగుంది, వాదన తప్పు. మాట మొదట్లో జి హెచ్ ఎప్పుడూ 'ఫ' పలకదు, మాట చివర టి ఐ ఎప్పుడూ 'ష' కాదు. ఏ అక్షరం ఎక్కడుంది అన్నదానికి లెక్కలున్నాయి.

మనం పలికినట్టే రాస్తామన్నది కూడా పూర్తి నిజం కాదండీ. చాపలో చకారం, చీమలో చకారం ఒకటేనా, ఒకసారి పైకి అని చూడండి. 'వచ్చాడు'లో మధ్య అచ్చును మనలో చాలామంది 'చా'కీ 'చే'కీ మధ్య పలుకుతారు, దానికి అక్షరం లేదు. అందుకే బ్యాంకు, బేంకు, బాంకు అని మూడు రకాలుగా రాస్తాం. ఋషిలో ఋ 'రు' అయి ఎన్నాళ్ళయింది? నోట్లో ఎప్పుడో పోయిన రూపాలను రాతలో ఎందుకు మోయాలని గిడుగు రామమూర్తి గారు చేసిన పోరాటం మొత్తం ఈ ఎడం మీదే.

మీవాడికి ఏం చెప్పాలంటే, మౌన అక్షరాలున్న మాటలను రాసేటప్పుడు మాత్రం మనసులో పాతకాలం వాళ్ళలా పలుకుకోమనండి: క్నైఫ్, ఐస్‌లండ్, వెడ్‌నెస్‌డే. పైకి మాత్రం మామూలుగానే. స్పెల్లింగ్ ఇట్టే నిలుస్తుంది. సైన్, సిగ్నేచర్ లాంటి చుట్టాలను జంటలుగా రాయించండి. పుల్, ఫుల్, బుల్, పుష్, బుష్ పక్కన పుట్ పెట్టి ఒక జట్టుగా చూపించండి, మిగతావన్నీ దాదాపుగా బట్ జట్టే. ఆఫెన్‌లో టి పలికినందుకు ఎవరైనా నవ్వితే పట్టించుకోవద్దు. పోయిన ఆ టిని స్పెల్లింగ్ చూసి ఇంగ్లీషువాళ్ళే చాలామంది మళ్ళీ పలుకుతున్నారు.

ఒక్క 'కర్నల్' దగ్గర మాత్రం టీచరుగారి సలహానే పాటించమనండి. 16వ శతాబ్దంలో ఆ మాట ఫ్రెంచి నుంచి 'కరొనెల్'గా ఒకసారి, ఇటాలియన్‌ను అనుసరించి 'కొలొనెల్'గా ఇంకోసారి వచ్చింది. రాతకు ఇటాలియన్‌ను, పలుకుకు ఫ్రెంచిని ఉంచుకున్నారు. కారణం తెలిసినా అది బట్టీ పట్టాల్సిందే.